విశాఖపట్నంలో వినికిడి: ఉక్కు, ఓడల నగరంలో చెవుల సంరక్షణ

విశాఖపట్నం లాంటి నగరంలో వినికిడి లోపాన్ని ముసలితనంతో వచ్చే మార్పుగా మాత్రమే చూస్తే సగం సంగతి కనపడకుండా పోతుంది. 1933లో ఓడరేవు ప్రారంభమైంది. 1941లో సింధియా కంపెనీ ఓడల నిర్మాణ కేంద్రానికి పునాది పడింది. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు ‘జల ఉష’ అనే ఓడ అక్కడి నుంచే నీళ్లలోకి దిగింది. 1957లో కాల్టెక్స్ చమురు శుద్ధి కర్మాగారం వచ్చింది, 1992లో ఉక్కు కర్మాగారం జాతికి అంకితమైంది. తూర్పు నౌకాదళం, వాల్తేరు డీజిల్ లోకోషెడ్, గాజువాక ఆటోనగర్, చేపలరేవులోని మరపడవలు కూడా కలుపుకుంటే ఈ ఊరి జీవనాధారాల్లో మోత లేనివి తక్కువ. మూడు తరాలు ఆ మోత మధ్యే పని చేసి ఇల్లు నిలబెట్టుకున్నాయి.

మల్కాపురం, శ్రీహరిపురం, గాజువాక, కూర్మన్నపాలెం ఇళ్లలో రిటైరైన తండ్రి టీవీ శబ్దం పెంచుకుంటూ పోవడం, ప్రతి మాటకూ ‘ఏటీ?’ అని అడగడం మామూలు సంగతిగా చెల్లిపోతోంది. అరవై దాటాయి కదా అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. అందులో వయసు వాటా ఎంత, ముప్పై ఏళ్ల షిఫ్టుల వాటా ఎంత అని విడదీసి చూసే అలవాటు లేదు. వయసును ఎవరూ ఆపలేరు. మోత దెబ్బను మాత్రం దాదాపు పూర్తిగా ఆపవచ్చు. తగిలాక దాన్ని నయం చేసే మందు ఇంతవరకు లేదు. ఈ వ్యాసంలో చెప్పే జాగ్రత్తలన్నీ ఈ రెండు నిజాల మీదే నిలబడ్డాయి.

మోత చెవిని ఎలా దెబ్బ తీస్తుంది

శబ్దం చెవి దొప్పలోంచి లోపలికి వెళ్లి కర్ణభేరిని కదిలిస్తుంది. ఆ కదలిక మూడు చిన్న ఎముకల మీదుగా లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకుని ఉన్న కాక్లియాకు చేరుతుంది. అక్కడ ఒక్కో చెవిలో సుమారు 15 వేల కేశకణాలు ఉంటాయి. కదలికను నాడీ సంకేతంగా మార్చేవి అవే. పక్షుల్లో ఈ కణాలు చచ్చిపోయినా మళ్లీ పుడతాయి. మనిషిలో పుట్టవు. పెద్ద మోతలో గంటల తరబడి ఉంటే అవి అలసిపోతాయి. షిఫ్టు దిగాక చెవులు దిబ్బడ వేసినట్టు, లోపల ‘గుయ్’మని హోరు పెట్టినట్టు అనిపించడం ఆ అలసట గుర్తే. రాత్రి నిద్రపోయి లేచేసరికి చాలావరకు సర్దుకుంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. అదే అలసట ఏళ్ల తరబడి రోజూ తిరిగి వస్తే కొన్ని కణాలు తేరుకోకుండా పోతాయి. నొప్పి ఉండదు, చీము రాదు, రక్తం కారదు. అందువల్లే ఈ గాయం ఇంతకాలం గాయంగా లెక్కకు రాలేదు.

మోత వల్ల వచ్చే చెవుడు ముందుగా 4,000 హెర్ట్జ్ పౌనఃపున్యం దగ్గర కనిపిస్తుంది. వినికిడి పరీక్ష కాగితం మీద ఆ చోట గీత గుంటలా కిందికి దిగి, మళ్లీ పైకి లేస్తుంది. అనుభవమున్న ఆడియాలజిస్టు ఆ గుంట చూసి, మీరు ఏ పని చేసేవారని అడుగుతాడు. అచ్చులకు బలం తక్కువ పౌనఃపున్యాల్లో ఉంటుంది. స, ష, చ, ట, త, క వంటి హల్లుల బలం ఎక్కువ పౌనఃపున్యాల్లో ఉంటుంది. అందువల్ల గొంతు వినిపిస్తుంది గాని మాట తెలియదు. ‘కట్టు’ అన్నారో, ‘పట్టు’ అన్నారో, ‘తట్టు’ అన్నారో తేల్చుకోలేక మనిషి ఊహ మీద ఆధారపడతాడు. నలుగురూ ఒకేసారి మాట్లాడే పెళ్లింట్లో ఆ ఊహ కూడా పని చేయదు. ‘వినాలనుకుంటే వింటాడు, లేకపోతే వినడు’ అని ఇంట్లో వేసే నింద ఇక్కడే పుడుతుంది. అది అన్యాయమైన నింద.

ఈ సంగతి వైద్యానికి కొత్త కాదు. రాగి పాత్రలు కొట్టేవాళ్లకు చెవుడు వస్తుందని ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జిని 18వ శతాబ్దం తొలి ఏళ్లలోనే రాశాడు. ఓడల తయారీకి పేరున్న గ్లాస్గోలో 1886లో థామస్ బార్ అనే చెవి వైద్యుడు వందమంది బాయిలర్ కార్మికులను, వందమంది ఇనుము పోతపోసేవాళ్లను, వందమంది తపాలా బంట్రోతులను పరీక్షించి పోల్చాడు. బాయిలర్ కార్మికుల్లో ఒక్కరికి కూడా మామూలు వినికిడి లేదు. ఒకే ఊళ్లో, ఒకే తరంలో, పని వేరైతే చెవి వేరైందని ఆయన చూపించాడు. విశాఖలో మొదటి ఓడ కట్టడానికి అరవై ఏళ్లకు పైగా ముందే ఈ జ్ఞానం సిద్ధంగా ఉంది.

ఏ పనిలో ఎంత మోత

మామూలు సంభాషణ 60 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది. డెసిబెల్ కొలత మామూలు కూడికలా పెరగదు. మూడు పెరిగితే శబ్దశక్తి రెట్టింపవుతుంది, పది పెరిగితే పదింతలవుతుంది. 85కూ 95కూ తేడా కాగితం మీద చిన్నదే గాని చెవికి పదిరెట్లు. కొలిచే యంత్రం లేనప్పుడు ఒక గుర్తు పెట్టుకోవచ్చు. చేయి చాపితే అందేంత దూరంలో ఉన్న మనిషికి వినిపించడానికి గొంతు పెంచాల్సి వస్తే అక్కడ మోత 85కు పైనే ఉన్నట్టు లెక్క.

ఉక్కు కర్మాగారంలో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని నదుల పేరూ, తిండిపెట్టే తల్లి పేరూ పెట్టుకున్న మూడు బ్లాస్ట్ ఫర్నేసులున్నాయి. వాటికి గాలి ఊదే టర్బో బ్లోయర్లు, కంప్రెసర్లు, ఆవిరి వదిలే వాల్వులు, రోలింగ్ మిల్లుల్లో ఇనుప కడ్డీలు పడే చప్పుడు 90 దాటడం ఏ దేశపు ఉక్కు కర్మాగారంలోనైనా మామూలే. ఓడల యార్డులో ఇంకో చిక్కుంది. గ్రైండింగ్, చిప్పింగ్, గ్రిట్ బ్లాస్టింగ్ ఆరుబయట చేసినా 100 దాటుతాయి. అదే పని ఓడ అడుగు ట్యాంకుల్లో, నాలుగు వైపులా ఇనుప గోడల మధ్య చేస్తే శబ్దం బయటికి పోయే దారి లేక తిరిగి తిరిగి మనిషి మీదే పడుతుంది. పెయింట్లలోని టోలుయీన్ వంటి ద్రావకాల ఆవిరి కూడా కేశకణాలకు విషమే. మోత, ఆవిరి రెండూ కలిసిన చోట నష్టం విడివిడిగా జరిగే దానికంటే ఎక్కువ.

చేపలరేవు గురించి ఎవరూ అంతగా మాట్లాడరు. రోజుల తరబడి వేటకు వెళ్లే మరపడవలో డీజిల్ ఇంజిను పక్కనే వంట, నిద్ర, మాటలు అన్నీ సాగుతాయి. ఫ్యాక్టరీలో ఎనిమిది గంటలు కాగానే చెవికి విశ్రాంతి దొరుకుతుంది. పడవలో ఆ విశ్రాంతి లేదు. ఇంజిను డ్రైవరుకు ఇయర్‌మఫ్‌లు ఇచ్చే యజమానులు అరుదు. ఆటోనగర్ షెడ్లలో డెంటింగ్ పని చేసే కుర్రాళ్ల పరిస్థితి కూడా అంతే. పద్దెనిమిది నిండకముందే సుత్తి పట్టినవాళ్లకు పాతికేళ్లకే చెవుల్లో హోరు మొదలైతే దాన్ని వయసు మీదికి నెట్టే వీలు కూడా ఉండదు.

చట్టం ఏం చెబుతుంది

2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్లో మోత వల్ల వచ్చే చెవుడు నోటిఫై చేయాల్సిన వృత్తి వ్యాధిగా ఉండేది. దాని కింద వచ్చిన నమూనా నియమాలు ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్స్ హద్దు పెట్టాయి. ఐదు పెరిగినకొద్దీ సమయం సగమవుతుంది. అంటే 95 దగ్గర నాలుగు గంటలు, 100 దగ్గర రెండు, 105 దగ్గర ఒకటి, 115 దగ్గర పావుగంట. ప్రపంచంలో చాలాచోట్ల ఆరోగ్య నిపుణులు ఇంతకంటే కఠినమైన లెక్కనే నమ్ముతారు. వాళ్ల లెక్కలో హద్దు 85, మూడు పెరిగినకొద్దీ సమయం సగం. ఆ లెక్కన 100 డెసిబెల్స్ మోతలో భద్రంగా ఉండగలిగేది పావుగంటే. ఆ నమూనా నియమాలు ఇచ్చిన రెండు గంటలు చెవి ఒప్పుకునే రెండు గంటలు కావు. కార్మికుడు రెండో లెక్కనే తన లెక్కగా పెట్టుకోవాలి.

మోతను పుట్టిన చోటే తగ్గించడం మొదటి మార్గం. బ్లోయరుకు సైలెన్సరు, కంప్రెసరుకు గది, ఆపరేటరుకు శబ్దం రాని క్యాబిన్, అరిగిన బేరింగుకు సమయానికి గ్రీజు పని చేస్తాయి. ఇయర్‌ప్లగ్‌లు చివరి మార్గం. కాని చాలా చోట్ల చేతికందేది అదే కాబట్టి సరిగ్గా పెట్టుకోవడం తెలియాలి. ఫోం ప్లగ్‌ను శుభ్రమైన చేత్తో సన్నగా నలిపి, రెండో చేత్తో తల మీదుగా చెవి దొప్పను పైకి, వెనక్కి లాగి, లోపలికి పెట్టి, అది ఉబ్బి నిండేదాకా వేలితో పట్టి ఉంచాలి. ప్లగ్ సగానికి పైగా బయటికి కనిపిస్తుంటే అది పెట్టుకోనట్టే. 30 డెసిబెల్స్ ఆపగల ప్లగ్‌ను ఎనిమిది గంటల షిఫ్టులో ఒక్క అరగంట తీసేస్తే మిగిలే రక్షణ 12కు మించదు. ఫోరుమన్ మాట వినడానికో, ఫోను కోసమో మోతలోనే ప్లగ్ తీసే అలవాటు అంత చేటు చేస్తుంది. చెవిలో దూది పెట్టుకోవడం వల్ల చెప్పుకోదగ్గ రక్షణ లేదు.

నియమాలు ఎంత బాగున్నా అవి గేటు పాసు రకాన్ని బట్టి పని చేస్తున్నాయి. పెద్ద కర్మాగారంలో పర్మనెంటు ఉద్యోగికి కంపెనీ ఆసుపత్రి ఉంది, ఏటా వైద్య పరీక్ష ఉంది. అదే యంత్రం పక్కన కాంట్రాక్టరు కింద పని చేసేవాడు రెండేళ్లకోసారి యజమాని మారుతుంటే అతని చెవి చరిత్ర ఎవరి ఫైల్లోనూ ఉండదు. ఆటోనగర్‌లో అయితే ఫైలే లేదు. ఈ నగరంలో వినికిడి గురించి ఆలోచించేవాళ్లు ముందుగా పట్టించుకోవాల్సిన మనుషులు వీళ్లే.

ఫ్యాక్టరీ బయట

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడుస్పీకర్లు నిషేధం. వినాయక నిమజ్జనంలో, జాతరల్లో డీజే పెట్టెల ముందు నడిచే పిల్లలను కనీసం పెట్టెలకు దూరంగా, పక్కకు ఉంచడం తల్లిదండ్రుల చేతిలో పని. భుజాల మీద పసిబిడ్డను ఎత్తుకుని స్పీకరు పక్కన నిలబడటం ప్రమాదం. టపాకాయకు నాలుగు మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్ అనేది చట్టం పెట్టిన హద్దు. చేతికి దగ్గరలో పేలితే అంతకంటే చాలా ఎక్కువ. ఒక్క పేలుడుతో శాశ్వతంగా చెవి పోయినవాళ్లున్నారు. ఇయర్‌ఫోన్ల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్ అన్న హద్దు సూచించింది. సిటీ బస్సు రొదను కప్పేయడానికి శబ్దం పెంచడమే ఇక్కడ అసలు తప్పు.

మోతతో సంబంధం లేని చెవుడు

చీము కారే చెవి పేదల ఇళ్లలో ఇంకా ఎక్కువే. జలుబు చేసిన బిడ్డకు చెవిపోటు వచ్చి, కర్ణభేరికి చిల్లు పడి, ఏళ్ల తరబడి కారుతుంటే వినికిడి తగ్గడమే కాక ఆ చీము ఒక్కోసారి మెదడు వైపు పాకుతుంది. వెచ్చటి కొబ్బరినూనె, వెల్లుల్లి కాచిన నూనె, ఆకు పసర్లు చెవిలో పోయడం మానాలి. చిల్లు ఉన్న చెవిలో అవి మంట పెట్టి, చీమును పెంచుతాయి. గుబిలి దానంతట అదే బయటికి వస్తుంది. పిన్నీసు, అగ్గిపుల్ల, ఇయర్‌బడ్ దాన్ని లోపలికి నెడతాయి. కోస్తా ఉక్కపోతలో చెవిలో బూజు పట్టి దురద, నీరు కారడం, దిబ్బడ రావడం తరచుగా చూస్తాం. సముద్ర స్నానం, ఈత తర్వాత తల పక్కకు వంచి నీరు కారనిచ్చి, బయటి చెవిని తువ్వాలుతో తుడిస్తే చాలు.

కొన్ని మందులు కూడా చెవిని దెబ్బతీస్తాయి. క్షయకు వాడే స్ట్రెప్టోమైసిన్, అమికాసిన్ సూదులు, జెంటామైసిన్, క్యాన్సరుకిచ్చే సిస్‌ప్లాటిన్ అలాంటివి. చెవుల్లో హోరు మొదలైతే రోగి వెంటనే డాక్టరుకు చెప్పాలి. తనంతట తాను మందు ఆపకూడదు.

ఒక్క సందర్భంలో మాత్రం గంటలే లెక్క. రాత్రి బాగా వినిపించిన చెవి తెల్లారేసరికి పని చేయకపోతే అది జలుబు అనుకుని వారం ఎదురుచూడకూడదు. లోపలి చెవికి వచ్చే ఆ హఠాత్తు దెబ్బకు స్టెరాయిడ్ మందులు మొదటి రెండు మూడు రోజుల్లో మొదలుపెడితే కోలుకునే అవకాశం ఎక్కువ. రెండు వారాలు దాటితే చాలా తగ్గిపోతుంది. వాల్తేరులోని ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి ఆంధ్ర వైద్య కళాశాలకు అనుబంధంగా నడుస్తోంది. ఈఎస్ఐ కార్డు ఉన్నవాళ్లకు మల్కాపురం ఆసుపత్రి ఉంది.

పసిపిల్లలు

మేనరికాలు ఎక్కువగా ఉన్న ఆంధ్ర దేశంలో పుట్టు చెవుడు పెద్ద సమస్య. లోపమున్న ఒకే జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా బిడ్డకు అందే అవకాశం దగ్గరి చుట్టరికంలో పెరుగుతుంది. బిడ్డ పుట్టిన నెలలోపు వినికిడి పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు యంత్రమో శిక్షణో మొదలుకావడం ప్రపంచమంతా పాటించే పద్ధతి. ఓఏఈ అనే పరీక్ష నిద్రపోతున్న బిడ్డకు నొప్పి లేకుండా నిమిషాల్లో అయిపోతుంది. ‘వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయి’ అని నాయనమ్మ చెప్పే ధైర్యం ప్రేమతోనే చెప్పినా, ఆ ఎదురుచూపులో భాషను పట్టుకునే తొలి ఏళ్లు గడిచిపోతాయి. 2007లో మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా ఉన్న ఆరోగ్యశ్రీ పథకం కాక్లియర్ ఇంప్లాంట్ శస్త్రచికిత్సను పేద కుటుంబాల పిల్లలకు అందుబాటులోకి తెచ్చింది. ఆపరేషన్ తర్వాత ఏడాదికి పైగా సాగే మాటల శిక్షణ ఆపరేషన్ అంత ముఖ్యం. దూరపు ఊళ్ల తల్లులు కూలి మానుకుని నగరానికి తిరగలేక దాన్ని మధ్యలో వదిలేస్తే ఇంప్లాంట్ చెవిలో ఉన్నా మాట రాదు. కొన్ని కుటుంబాలు సంజ్ఞా భాషను ఎంచుకుంటాయి. అదీ పూర్తి భాషే. బిడ్డ ఏ భాషా లేకుండా పెరగడమే నష్టం.

యంత్రం, ఉక్కపోత

కళ్లజోడు పెట్టుకోవడానికి లేని మొహమాటం చెవి మిషనుకు వస్తుంది. లోపం మొదలయ్యాక ఏళ్ల తరబడి వాయిదా వేసేవాళ్లే ఎక్కువ. అన్నేళ్లూ మెదడు కొన్ని శబ్దాలను వినడం మరిచిపోతుంది కాబట్టి, మిషను పెట్టిన మొదటిరోజు గిన్నెల చప్పుడు, ఫ్యాను గాలి, కాగితం నలిగిన చప్పుడు కూడా భరించలేనంతగా అనిపిస్తాయి. చాలామంది ఆ వారమే దాన్ని అలమారులో పెట్టేస్తారు. మొదట ఇంట్లో, ఒక్కరితో మాట్లాడేటప్పుడు గంటో రెండు గంటలో పెట్టుకుని, మెల్లగా పెంచుకుంటూ పోవాలి. నెల రోజుల్లో ఆడియాలజిస్టు దగ్గరకు మళ్లీ వెళ్లి సరిచేయించుకోవాలి. పరీక్ష చేయకుండా దుకాణంలో అమ్మే శబ్దం పెంచే పరికరాలు అన్ని శబ్దాలనూ ఒకేలా పెంచి మిగిలిన వినికిడికి కూడా ముప్పు తెస్తాయి.

విశాఖ గాలిలోని తేమ, చెమట మిషనుకు శత్రువులు. రాత్రి పడుకునే ముందు బ్యాటరీ తలుపు తెరిచి, సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టాలి. జెల్ గింజల రంగు మారితే కొత్తవి వేయాలి. చెవి అచ్చును విడదీసి గోరువెచ్చటి సబ్బు నీళ్లతో కడిగి, గొట్టంలో తడి లేకుండా ఆరబెట్టాలి. బీచికి వెళ్లేటప్పుడు, ఆటోలో అంచున కూర్చున్నప్పుడు గాలి హోరు ఎక్కువైతే శబ్దం తగ్గించుకోవచ్చు. బటన్ బ్యాటరీని చిన్నపిల్లలు మింగితే, ముక్కులో పెట్టుకుంటే గంటల్లో లోపల కాలుతుంది. అప్పుడు ఇంటి వైద్యం పనికిరాదు, నేరుగా ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇంట్లో, బయట

వినపడని మనిషితో అరవడం వల్ల మాట తెలియదు. అరిస్తే పెదాల ఆకారం చెదిరి, అచ్చులే పెరుగుతాయి. ముందు పేరు పెట్టో వరస పెట్టో పిలిచి, ముఖం తమవైపు తిరిగాక, వెలుతురు మాట్లాడేవాళ్ల ముఖం మీద పడేలా నిలబడి, కాస్త నిదానంగా మామూలు గొంతుతో చెప్పాలి. తెలియకపోతే అదే వాక్యాన్ని మూడోసారి చెప్పకుండా వేరే మాటల్లో చెప్పాలి. వంటింట్లోంచి, పక్కగదిలోంచి మాట్లాడకూడదు. భోజనాల దగ్గర టీవీ కట్టేయడం ఖర్చు లేని పెద్ద సాయం. ‘ఏం లేదులే, తర్వాత చెబుతా’ అనే మాట వాళ్లను అన్నిటికంటే బాధిస్తుంది. ఆ ‘తర్వాత’ చాలా ఇళ్లలో రాదు. కొన్నాళ్లకు మనిషి అడగడమే మానేసి, పెళ్లిళ్లకూ, యూనియన్ ఆఫీసుకూ, సాయంత్రం బీచిలో స్నేహితుల దగ్గరకూ వెళ్లడం మానేస్తాడు. వినికిడి లోపాన్ని మతిమరుపు వ్యాధికి తగ్గించుకోదగ్గ కారణాల్లో ఒకటిగా లాన్సెట్ నిపుణుల సంఘం లెక్కించింది. ఈ ఒంటరితనం కూడా అందులో భాగమని పరిశోధకుల అనుమానం.

వినపడనివాళ్లు కూడా కొన్ని చేయగలరు. ‘నాకు కాస్త తక్కువ వినిపిస్తుంది, ఎదురుగా ఉండి చెప్పండి’ అని బ్యాంకులో, ఆసుపత్రిలో ముందే చెబితే ఎదుటివాళ్లు చాలావరకు సర్దుకుంటారు. హోటల్లో గోడకు వీపు పెట్టి కూర్చుంటే వెనక రొద తగ్గుతుంది. తెలుగు మాటను అప్పటికప్పుడు అక్షరాల్లో చూపించే ఫోను యాప్‌లు ఉచితంగా దొరుకుతున్నాయి. డాక్టరు చెప్పే మోతాదులు, తేదీలు, అంకెలు కాగితం మీద రాయించుకోవాలి.

కాగితాలు

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ మాటల పౌనఃపున్యాల్లో 70 డెసిబెల్స్ లోపముంటే బధిరత, 60 నుంచి 70 మధ్య ఉంటే వినికిడి మందం. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం శిబిరంలో పరీక్ష చేసి శాతం నిర్ణయిస్తారు. కనీసం 40 శాతం ఉంటే పింఛనుకు అర్హత వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పింఛను 2024లో నెలకు 3,000 నుంచి 6,000 రూపాయలకు పెరిగింది.

మోత వల్ల వచ్చిన చెవుడుకు పరిహారం అడిగే హక్కు చట్టంలో ఉంది. ఆ పనిలో కనీసం ఆరు నెలలు వరుసగా ఉండాలన్నది నియమం. కాని పనిలో చేరేనాటికి చెవి ఎలా ఉండేదో చూపే ఆడియోగ్రాం లేకపోతే నష్టం ఎప్పుడు, ఎక్కడ జరిగిందో నిరూపించడం కష్టం. కాంట్రాక్టు మీద చేరేవాళ్లు, ఆటోనగర్ కుర్రాళ్లు, ఓడల మీదికి వెళ్లేవాళ్లు పని మొదలుపెట్టే నెలలోనే ప్రభుత్వాసుపత్రిలో పరీక్ష చేయించుకుని, ఆ కాగితం నకలు ఆధార్ కార్డుతో పాటు ఇంట్లో దాచుకోవాలి. పరీక్షకు ముందు కనీసం ఒక రాత్రీ పగలూ మోతకు దూరంగా ఉంటేనే అసలు కొలత వస్తుంది. ఆ తర్వాత ఏటా అదే నెలలో మళ్లీ చేయించుకుని, 4,000 హెర్ట్జ్ దగ్గర గీత కిందికి దిగుతోందేమో పాత కాగితంతో పోల్చి చూపించమని అడగాలి.